కాపలా లేని పొద్దు

వర్షిత మంచం ఖాళీగా ఉండటం చూసి ప్రమీలమ్మ గుండె గుభేలుమంది. స్నానాల గది తలుపు తెరిచే ఉంది, లోపల ఎవరూ లేరు. దుప్పటి కాళ్ల దగ్గర కుప్పగా పడి ఉంది. బయట ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. ఊరు కాని ఊళ్లో, పెళ్లి కాని పిల్ల, ఈ వేళప్పుడు ఎక్కడికి పోయినట్టు? ప్రమీలమ్మ తన దుప్పటి మడిచి, చేయి ఊరుకోక ఆ పిల్ల దుప్పటి కూడా మడిచి, శాలువా కప్పుకొని కిందికి బయల్దేరింది. లిఫ్టు ఉంది గాని దాన్ని ఆమె నమ్మదు. మెట్ల మీదుగానే దిగింది.

హోటలు వెనక తోటలోకి అడుగు పెట్టగానే పాదాలకు మంచు తగిలింది. మదనపల్లె చలి తెలిసిందే గాని ఈ ఏడు మరీ గట్టిగా ఉంది. గోడకు అవతల టమోటా లారీలు మార్కెట్టు వైపు పోతున్న మోత. ఇవతల సమంగా కత్తిరించిన పచ్చిక, వరసగా క్రోటన్సు, మూలన ఒక బాదంచెట్టు, దాని పక్కన మందారాలు. మందారాల ముందర వర్షిత నిలబడి ఉంది. కళ్లకు బైనాక్యులర్ పెట్టుకొని, ఊపిరి కూడా తీస్తున్నట్టు లేదు.

"ఏం పారేసుకున్యావు పాపా?" అంది ప్రమీలమ్మ.

వర్షిత ఉలిక్కిపడి, పెదాల మీద వేలు పెట్టుకొని, అదే వేలితో పొదలోకి చూపించింది. బొటనవేలంత పిట్ట ఒకటి తలకిందులుగా వేలాడుతూ మందారప్పూవులో ముక్కు దూర్చి ఉంది. వెలుతురు తగిలినప్పుడల్లా దాని మెడ నీలంగా, మళ్లీ నల్లగా మారుతోంది.

"తేనెపిట్ట," అంది వర్షిత గుసగుసగా.

"దాన్ని యాల సూస్తాండావు?"

"ఊరికే అక్కా."

"ఊరికేనా?"

"ఊరికే. ఎక్కడికి డ్యూటీకి పోయినా పొద్దున్నే ఒక గంట చూస్తాను. బాగుంటుంది."

ప్రమీలమ్మకు నవ్వు ఆగలేదు. శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. తేనెపిట్ట తుర్రుమంది.

"తప్పుగా అనుకోవద్దు పాపా," అంది కళ్లు తుడుచుకుంటూ. "మా సోమల పక్క గువ్వల్ని సూసేదంటే తోలేదానికే సూస్తారు. పలక పట్టుకునే వయసులో నన్ను ఆసాముల సజ్జచేన్లో మంచె ఎక్కించి కాపలా పెట్న్యారు. పొద్దు మొలిసినప్పుడు ఎక్కితే పొద్దు గుంకినాకనే దిగేది. ఒక్క గువ్వ వాలినా మా నాయనకు మాట వస్తాది. అరిసి అరిసి నాకు గొంతే పోయ్యేది. ఇప్పుడు నువ్వు జీతం తీసుకుంటా, హోటల్లో దిగి, నిద్ర చెడగొట్టుకోని ఊరికే సూస్తాండానంటే..."

ఆమె మళ్లీ నవ్వింది. వర్షిత కూడా నవ్వింది. ఇద్దరూ మంచులో నిలబడి నవ్వుతుంటే బాదంచెట్టు మీద గోరువంకలు రెండు తొంగి చూశాయి.

ఆ ఇద్దరూ చిరుధాన్యాల వాడకం గురించి చెప్పే ఒక సంస్థలో పని చేస్తారు. బడుల్లో, హాస్టళ్లలో వంట చేసే ఆడవాళ్లకు రాగులు, కొర్రలతో పెద్ద ఎత్తున వండటం నేర్పాలి. వర్షిత చదువుకున్న పిల్ల, పోషకాల సంగతి చూస్తుంది. ప్రమీలమ్మ పొయ్యి దగ్గర చేసి చూపిస్తుంది. కూలికి పోయే ఇంట్లోంచి నెలజీతం మీద పనికొచ్చిన మొదటి మనిషి ఆమె. వాళ్ల పైన కోఆర్డినేటరు గురుమూర్తి. హోటలు గది వర్షిత ఒక్కదాని పేరు మీదే తీసింది ఆయనే. "ప్రమీలమ్మ ట్రైనింగు హాల్లో పండుకుంటాదిలేమ్మా. డేక్షాలూ గ్యాసుబండలూ ఉండాయి గదా, ఎవురో ఒకరు కాపలా ఉండాల," అన్నాడు నిన్న సాయంత్రం. "రూములో రెండు మంచాలున్నాయి సార్. రెండోదాని మీద నా బ్యాగును పడుకోబెట్టాలా?" అంది వర్షిత. గురుమూర్తి పెద్దగా నవ్వి, హాలుకు తాళం వేయించాడు. మంచివాడే. ఎవరైనా అడిగిందాకా ఆయనకు తట్టదు, అంతే.

*

ఆ రోజు శిక్షణకు చుట్టుపక్కల బడుల నుంచి వంటవాళ్లు హాలు నిండా వచ్చారు. గురుమూర్తి మైకు పట్టుకున్నాడు. ఆయనకు మైకు చేతికొస్తే పండగ. రాగి గొప్పతనం దగ్గర మొదలుపెట్టి, తన చిన్నతనం మీదుగా, తన షుగరు దాకా వచ్చాడు. వెనక పెద్ద పొయ్యి మీద ప్రమీలమ్మ నీళ్లు మరగబెట్టి, చల్లనీళ్లలో కలిపి పెట్టుకున్న రాగిపిండిని సన్నటి ధారగా పోస్తూ తెడ్డుతో తిప్పుతోంది. కుడిచేయి నొప్పెడితే ఎడమచేతికి మార్చుకుంటుంది గాని తెడ్డు ఆపదు. మూడొందల మంది పిల్లలకు జావ కాచేటప్పుడు తెడ్డు ఆగితే ఏమవుతుందో వంటవాళ్లందరికీ తెలుసు. వాళ్ల చూపులు మైకు వైపు లేవు. మెడలు సాచి డేక్షా వైపు చూస్తున్నారు.

ముందు వరసలో చెంగమ్మ అనే ఆవిడ ఉండబట్టలేక లేచింది. "అమ్మా, మాకు కట్టెల పొయ్యి. యెంత తిప్పినా అడుగంటుతాండాది. మంట యెట్ల పెట్టాల?"

ప్రమీలమ్మ నోరు తెరిచేలోపు గురుమూర్తి మైకులో అన్నాడు. "ప్రశ్నలు చివర్లో అమ్మా. ఏమున్నా నన్నడగండి. ప్రమీలమ్మా, మన హెడ్మాస్టరు సార్లు వచ్చినారు, రవ్వంత పోయి కుర్చీలేయించు."

"సార్, పొయ్యి మీద..."

"ఒక్క నిమిషం. బిరీన పోయి రా."

కుర్చీలు మేడ మీది గదిలో ఉన్నాయి. దానికి తాళం. తాళంచెవి ఇంకెవరి దగ్గరో. ఆమె రొప్పుతూ తిరిగి వచ్చేసరికి హాల్లో మాడు వాసన. తెడ్డు పెట్టి చూస్తే అడుగు గట్టిగా పట్టేసింది. గురుమూర్తి వాసన చూసి, వంగి డేక్షాలోకి చూసి, చల్లగా నవ్వాడు.

"సూసినారా అమ్మా? ఇట్ల కాకుండా సూసుకోవాల. ఇదీ ఒక పాఠమే."

కొందరు నవ్వారు. చెంగమ్మ నవ్వలేదు. ప్రమీలమ్మ తల వంచుకొని డేక్షా దించి, పైజావ ఇంకో గిన్నెలోకి వంచి, అడుగు గీకటం మొదలుపెట్టింది. గీకే చప్పుడు మైకు చప్పుడు కంటే గట్టిగా వినిపించింది. తెడ్డు పట్టుకున్న చేతుల మీద వేడి చుక్కలు పడుతున్నా ఆమె తుడుచుకోలేదు. వర్షిత అదంతా చూస్తూ కూర్చుంది.

సాయంత్రం గదిలో వర్షిత ఇటూ అటూ తిరిగింది. "పంపించింది ఆయనే, మాడితే పాఠం చెప్పిందీ ఆయనే. నువ్వెందుకు చెప్పలేదక్కా?"

"ఏమని చెప్పేది? ఆయప్ప చెడ్డోడు కాదు పాపా. మాట్లాడతా ఉంటే లోకం కనపడదు, అంతే." ప్రమీలమ్మ కాలిన వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంది. అడగాలా వద్దా అన్నట్టు అడిగింది. "ఆ తలకిందుల పిట్ట... పొద్దునపూట రోజూ వస్తాదా?"

*

పుంగనూరులో దిగింది ఒక కల్యాణమండపం లాడ్జిలో. పెళ్లిళ్లు లేని రోజులు కాబట్టి వెనక తోటంతా వాళ్లదే. తెల్లవారుజామున వర్షిత లేచేసరికి ప్రమీలమ్మ అప్పటికే జడ వేసుకొని మంచం అంచున కూర్చొని ఉంది.

తోటలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకున్నారు. ప్రమీలమ్మ కూర్చుంది. వెంటనే లేచింది. పూలమడిలో గరిక మొలిచి ఉంది, అది పీకింది. కాగితంపూల చెట్టు కింద రాలినవి ఏరింది. కొళాయి కారుతుంటే బిగించింది. మళ్లీ గరిక దగ్గరకు పోయింది. అటుగా వచ్చిన లాడ్జి మేనేజరు నిలబడి చూసి, "కొత్తగా సేరినావామ్మా? తోటమాలి పాపయ్య చెప్పనే లేదే," అన్నాడు.

వర్షిత పడీ పడీ నవ్వింది. మేనేజరు నాలుక కరుచుకొని పోయాక, ప్రమీలమ్మ భుజాలు పట్టుకొని తెచ్చి కుర్చీలో కూలేసింది. "చేతులు ఒళ్లో పెట్టుకో. అంతే. ఇంకేమీ చేయొద్దు."

"చేతులు ఊరుకోవు పాపా. దురద పెడతాయి."

"అయితే వాటి మీద కూర్చో."

ప్రమీలమ్మ నిజంగానే అరచేతులు తొడల కింద పెట్టుకొని కూర్చుంది. పని చేయకుండా కూర్చోవటం ఇంత కష్టమని ఆమెకు తెలియదు. జ్వరమొస్తే తప్ప ఖాళీగా ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. జ్వరంలో కూడా వేరుశనక్కాయలు ఒలిచింది. ఎవరో వెనకనుంచి వచ్చి 'ఏం జేస్తాండావ్?' అని అరుస్తారేమోనని రెండుసార్లు వెనక్కి చూసింది. ఎవరూ రాలేదు.

అప్పుడొచ్చాయి బూడిదరంగు గువ్వలు, ఒక గుంపు. ఎగరటం కన్నా గెంతటమే ఎక్కువ. ఒకటి ఆకు తిప్పి చూస్తే, రెండోది దాన్ని తోసేసి అదే ఆకు తిప్పింది. మూడోది వచ్చి ఇద్దర్నీ తిట్టింది. అన్నీ కలిసి ఒకేసారి మొత్తుకున్నాయి. అంతలోనే ఏమీ జరగనట్టు ఒకదాని తల ఇంకొకటి గోకుతూ గోడ మీద వరసగా కూర్చున్నాయి.

"మా పొదుపు సంఘం మీటింగే ఇది," అంది ప్రమీలమ్మ ఆశ్చర్యంగా. "అదో, ఆ లావుది మా లీడరు సావిత్రమ్మ. ఆ సివర కూర్చున్యది సూడు, ఒక్క మాటా మాట్లాడకుండా అంతా తినేసింది." తోలుతున్నప్పుడు ఆమెకు గువ్వలన్నీ ఒకటే. ఇప్పుడు ఒక్కొక్కటీ ఒక్కో మనిషిలా ఉంది.

ఫోను మోగింది. సోమల నుంచి భర్త కృష్ణప్ప.

"ఏం జేస్తాండావు?"

"గువ్వల్ని సూస్తాండా."

"చేన్లో ఉండావా? తోలినావా?"

"లే."

"యాల?"

"తోలేది కాదు. సూసేదే."

"ఒళ్లు బాగుండాదా నీకు?" అన్నాడు కృష్ణప్ప. ప్రమీలమ్మ నవ్వు ఆపుకుంటూ ఫోను పెట్టేసింది.

పుంగనూరు శిక్షణ కూడా మదనపల్లె లాగే నడిచింది. మైకు ముందర గురుమూర్తి, వెనక పొయ్యి. ఈసారి ఆయన నీళ్ల బాటిళ్లకు పంపినప్పుడు ప్రమీలమ్మ పక్కనున్న వంటావిడ చేతికి తెడ్డు ఇచ్చి పోయింది. జావ మాడలేదు. వంటవాళ్లు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె చుట్టూ చేరి, అడగాల్సినవన్నీ చాటుగా అడిగి తెలుసుకున్నారు. పైకి మాత్రం కార్యక్రమం గురుమూర్తిదే.

*

కుప్పం దారిలో కారులో వర్షిత మాట ఎత్తింది. ముందు సీట్లో గురుమూర్తి, వెనక వర్షిత, ఆమె పక్కన కొర్రల బస్తాకు ఆనుకొని ప్రమీలమ్మ.

"సార్, కుప్పంలో పొయ్యి దగ్గర ప్రమీలక్కనే మాట్లాడనిద్దాం. వాళ్లకు కావలసింది అదే కదా."

"వద్దమ్మా," అన్నాడు గురుమూర్తి, మెల్లగానే. "ఆమెకు అలవాటు లేదు. తడబడతాది. అందులో కుప్పానికి హెడ్డాఫీసు నుంచి మేడమ్ వస్తాంది. వచ్చే ఏడాది హెల్పర్లను తీసేస్తారంట, ట్రైనర్లనే ఉంచుకుంటారంట. ఈ సమయంలో మనం తడబడితే యెట్ల?"

అన్నాక ఆయనకు గుర్తొచ్చింది వెనక ఎవరున్నారో. సర్దుకొని, "ప్రమీలమ్మ సంగతి నేను సూస్తాలే. యాదో ఒకటి చేద్దాం," అన్నాడు.

జీతాల పట్టీలో తన పేరు ఎదురుగా హెల్పర్ అనే ఉంటుందని ప్రమీలమ్మకు తెలుసు. హెల్పర్లు ఉండరని ఇప్పుడే తెలిసింది. బస్తా మీద చేయి వేసుకొని కిటికీలోంచి చూసింది. రాగిచేలు కోతకొచ్చి ఉన్నాయి. కారు వెంకటగిరికోట దాటింది. అంతలో వర్షిత కేకేసింది. "ఆపండి, ఆపండి!"

డ్రైవరు బ్రేకు వేశాడు. డేక్షాలు గలగలమన్నాయి. కరెంటు తీగ మీద పాలపిట్ట. వాళ్లు చూస్తుండగానే అది నీలాన్ని విప్పుకొని చేలో వాలింది.

"ఏదో బంగారం కనపడిందనుకున్యా," అన్నాడు గురుమూర్తి గుండె మీద చేయి వేసుకొని. ఆయన ముఖం చూసి డ్రైవరు దగ్గర నుంచి అందరూ నవ్వారు. ప్రమీలమ్మ కూడా నవ్వింది గాని, ఆమె చేయి బస్తా మీద అలాగే ఉంది.

*

కుప్పం హోటలు ఊరికి కాస్త బయట, తోట పెద్దది. మరునాడు ప్రమీలమ్మ ఒక్కతే దిగింది. వర్షిత రాత్రి దగ్గుతూ పడుకుంది కాబట్టి లేపలేదు. పొగమంచు పచ్చిక మీద మోకాలెత్తున నిలబడి ఉంది. దూరంగా బెంగుళూరు పోయే రైలు కూత. ఆమె చెట్టు కింద పేముకుర్చీలో కూర్చొని చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఈసారి వాటి మీద కూర్చోవాల్సిన పని పడలేదు.

కాని మనసు ఊరుకోలేదు. వచ్చే ఏడాది ఈ పని పోతే మళ్లీ కొడవలి పట్టాలి. పట్టగలదు. అందుకు కాదు బాధ. జావ కాచేది తనైతే, కాచిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. మదనపల్లెలో డేక్షా అడుగు గీకిన చప్పుడు చెవుల్లోనే ఉంది.

మంచులోంచి ఒక గువ్వ నడుచుకుంటూ వచ్చింది. ఒళ్లు మట్టిరంగు, రెక్కల మీద నలుపు తెలుపు పట్టీలు, సూదిలా పొడుగాటి వంపు ముక్కు. తల వెనక ఈకలు కట్ట కట్టినట్టు ముడుచుకొని ఉన్నాయి. అది ఆమె ఉన్నట్టే పట్టించుకోలేదు. పచ్చికలో ముక్కు గుచ్చి, తీసి, రెండడుగులు వేసి, మళ్లీ గుచ్చుతోంది. మధ్యలో ఒకచోట ముక్కు మొత్తం దిగిపోయింది. దేన్నో పట్టుకుంది. లాగుతోంది. ప్రమీలమ్మ ముందుకు వంగింది.

వెనక వరండాలో చెప్పుల చప్పుడు. "ప్రమీలమ్మా!" గురుమూర్తి గొంతు. "ఈడుండావా? పైన నా రూములో వేన్నీళ్లు రాలేదు, ఆ రిసెప్షన్లో చెప్పేసి, అట్లే డ్రైవర్ని లేపి, సామాన్లు..."

ఆమె వెనక్కి తిరగలేదు. కుడిచేయి మాత్రం పైకెత్తి, అరచేయి ఆయన వైపు చూపించింది.

"గమ్మునుండప్పా. కదలాకు. అట్లే నిలబడు."

ఇన్నేళ్లుగా 'సార్' తప్ప ఇంకో పిలుపు ఆమె నోట వినని గురుమూర్తి నిజంగానే ఆగిపోయాడు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు పచ్చిక మీద, మెడలో తువ్వాలు, చేతిలో టూత్‌బ్రష్షు. ఏమైందో అర్థం కాలేదు. పామేమో అనుకొని కిందికి చూసుకున్నాడు. తర్వాత ఆమె చూపు వెంట చూశాడు.

గువ్వ పురుగును లాగేసింది. గాల్లోకి ఎగరేసి నోటితో అందుకొని మింగింది. మింగిన సంతోషానికో ఏమో తల మీది ఈకలు ఒక్కసారి విప్పింది. విసనకర్ర విప్పినట్టు, అంచులకు నల్లబొట్లతో పెద్ద కిరీటం. అలా విప్పుకొని గురుమూర్తి వైపే చూసింది. గురుమూర్తి నోట్లో పేస్టు నురగ గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. మెట్టు మీది కాలు వణుకుతున్నా దించలేదు.

అది కిరీటం ముడిచి, ఇంకో రెండు చోట్ల గుచ్చి చూసి, ఊగుతూ ఊగుతూ ఎగిరి గోడ దాటింది.

"కాలు దించు సార్, పడతావు," అంది ప్రమీలమ్మ.

గురుమూర్తి కాలు దించి, మూతి తుడుచుకొని, వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకుండా కూర్చోవటం ప్రమీలమ్మ మొదటిసారి చూసింది.

"మా మిట్టచేన్లో వాలేది ఇది," అన్నాడు చివరికి. "మా యమ్మ దీన్ని యాదో పేరు పెట్టి పిలిచేది. నోట్లోనే ఉండాది, రాలా. మళ్లీ వస్తాదా?"

"గమ్మునుంటే వస్తాది."

ఆయన తల ఊపాడు. ఇద్దరూ గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. అది రాలేదు. కాని ఆ కూర్చోవటంలోనే ప్రమీలమ్మకు నోరు పెగిలింది.

"సార్, ఈ పొద్దు పొయ్యి కాడ నేనే మాట్లాడతా. నువ్వు ఎదురుగా కూర్చోని సూడు."

"మేడమ్ వస్తాంది ప్రమీలమ్మా..."

"రానీ. వచ్చి సూడనీ. తడబడితే నేనే కదా తడబడేది."

గురుమూర్తి టూత్‌బ్రష్షును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. కాదనటానికి మాటలు వెతుక్కుంటున్నట్టే ఉంది గాని, పొద్దున్నే నోరు మూసుకోవటంతో అవి వెంటనే దొరికినట్టు లేదు. "మైకు కావాల్నా?" అన్నాడు.

"మైకు పట్టుకుంటే తెడ్డు ఎవురు పట్టుకుంటారు?"

*

ఆమె నిజంగానే తడబడింది. శాంతిపురం నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన వంటవాళ్లు కుర్చీల్లో సర్దుకొని కూర్చొని, ఉపన్యాసం కోసం ఎదురు చూస్తున్నారు. నీళ్లు మరుగుతున్నాయి. ప్రమీలమ్మ రెండుసార్లు "అందరికీ" అని, ఆగి, ఆ మాట వదిలేసింది.

"ఆ కుర్చీలు ఇడిసిపెట్టి ఈడికి రండి," అంది. "డేక్షా సుట్టూ నిలబడండి. ఆడ కూర్చుంటే నా వీపు కనపడతాది, జావ కనపడదు."

కుర్చీలు గరగరమన్నాయి. అందరూ చుట్టూ మూగారు. ఇక ఆమెకు జనం కనిపించలేదు, చేతులే కనిపించాయి. తనలాంటి చేతులు.

"పిండినీళ్లు పోసేటప్పుడు దీని మొగం సూడండి. తొందరపడొద్దండి. ఇప్పుడు పల్చగా నీళ్లే. ఇంక రవ్వంతసేపటికి అంచుల్లో రంగు మారతాది. అదో, మారతాండాది. మంట తగ్గించాల్సింది ఇప్పుడే. పొంగినాక తగ్గిస్తే లాభం లేదు. కట్టెల పొయ్యి ఐతే కట్టె వెనక్కి లాగి, నిప్పుల మీదే పెట్టండి..."

ప్రశ్నలు మొదలయ్యాయి. ఉప్పు ఎప్పుడు, మజ్జిగ ఎప్పుడు, పిల్లోళ్లు ముక్కు మూసుకుంటే ఏం చేయాలి. "ఊరుబిండి పచ్చడి నంజుకు పెట్టండి, ముక్కు వాళ్లే ఇడుస్తారు," అందామె. నవ్వులు. గురుమూర్తి ఎదురుగా కుర్చీలో కూర్చొని ఉన్నాడు. రెండుసార్లు లేవబోయాడు. రెండుసార్లూ కూర్చున్నాడు. మూడోసారి లేచి, మెల్లగా వచ్చి గుంపు వెనక మునివేళ్ల మీద నిలబడి చూశాడు.

"సార్ను కూడా తిప్పమనండి అమ్మా," అంది ఒకావిడ చిలిపిగా. "రోజూ చెప్పేటోళ్లేనా, తిప్పేది లేదా?"

అందరూ దారి ఇచ్చారు. గురుమూర్తి చొక్కా చేతులు మడిచి తెడ్డు పట్టుకున్నాడు. నాలుగు చుట్లకు ఊపిరి ఎక్కువైంది, పది చుట్లకు చెమటలు కారాయి. తెడ్డు అందని చోట ఉండలు కట్టటం మొదలైంది. అది కనబడగానే ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని ఒకరినొకరు పొడుచుకున్నారు. గురుమూర్తి చేయి ఆపి, ప్రమీలమ్మ ముఖంలోకి చూశాడు. ఆమె ఏమంటుందో ఆయనకు తెలిసినట్టే ఉంది. ఎందుకంటే అది మదనపల్లెలో తను అన్నదే. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ప్రమీలమ్మ తెడ్డు మీద తన చేయి కూడా వేసింది. ఉండను డేక్షా గోడకు అదిమి నలిపి, మళ్లీ కలిపింది.

"ఇది ఎవురికైనా ఐతాది," అంది అందరితో. "ఐనప్పుడు ఏం చేయాల్నో సూడండి. ఇట్ల అదిమి, ఇట్ల తిప్పితే సరి. పారబోయాల్సిన పని లేదు."

మేడమ్ ఆ రోజు రాలేదు. ఏదో అడ్డం పడిందని మధ్యాహ్నం ఫోను చేసింది. గురుమూర్తి హాలు గుమ్మం దగ్గర నిలబడి, అలవాటు ప్రకారం గట్టిగానే మాట్లాడాడు. లోపల గిన్నెలు కడుగుతున్న ప్రమీలమ్మకు, జాబితా రాసుకుంటున్న వర్షితకు ప్రతి మాటా వినిపించింది. "బాగా జరిగింది మేడమ్. లేదు మేడమ్, నేను మాట్లాడలా. మా ట్రైనరు ఉండాది, ప్రమీలమ్మ... ఔను మేడమ్, ట్రైనరే. ఇంతవరకు నేనే తప్పుగా పెట్టినా, ఈ పొద్దే మారుస్తా."

వర్షిత పెన్ను పడేసి ప్రమీలమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది. "చేతులు తడి పాపా, తడి," అంటూనే ప్రమీలమ్మ ఆ తడి చేతులతోనే ఆ పిల్ల వీపు నిమిరింది.

సాయంత్రం సామాన్లు కారుకెక్కాయి. వర్షిత రేపు ఆదివారం కదా అని బెంగుళూరులో ఉన్న అక్క దగ్గరికి రైలెక్కేసింది. గురుమూర్తి కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కు ప్రమీలమ్మా. అట్ల తిరిగి సోమల మీదుగానే పోతాము. నిన్ను ఇంటికాడ దింపేస్తాము."

"నువ్వు పో సార్. రూము రేపు మధ్యాన్నం దాకా ఉండాదంట, పాప చెప్పింది. నేను ఈ రాత్రికి ఉండి, రేపు బస్సుకు వస్తా."

"ఒక్కదానివే? యాల? పనైపోయింది గదా?"

"పనైపోయింది," అంది ప్రమీలమ్మ. "అందుకే."

గురుమూర్తి ఏదో అడగబోయి, ఆమె ముఖం చూసి, తలుపు మూశాడు. కారు గేటు దాటేటప్పుడు కిటికీలోంచి ఆయన తల పచ్చిక వైపు తిరగటం ఆమెకు కనిపించింది.

ఆ రాత్రి పెద్ద గదిలో రెండు మంచాల మధ్య ఏది ఎంచుకోవాలో తెలియక కాసేపు నిలబడి, కిటికీ పక్కది ఎంచుకుంది. తలుపు గడియ మూడుసార్లు చూసుకుంది. కోడి కూయకముందే లేచి తోటలోకి పోవాలనుకుంటూ కళ్లు మూసుకుంది.

కళ్లు తెరిచేసరికి గది నిండా ఎండ.

ఆమె కంగారుగా లేచింది. ఏదో తప్పు చేసినట్టనిపించింది. ఇంత పొద్దెక్కే దాకా పడుకోవటం పెళ్లికి ముందు లేదు, పెళ్లయ్యాక లేదు. గబగబా ముఖం కడుక్కొని, దుప్పటి వైపు ఒకసారి చూసి, మడవకుండానే మెట్లు దిగింది.

తోటలో మంచు లేదు. పచ్చిక ఆరిపోయింది. తోటమాలి పైపుతో నీళ్లు పట్టి పోయినట్టున్నాడు. గువ్వలన్నీ ఎప్పుడో వచ్చి, తినాల్సింది తిని, వెళ్లిపోయాయి. మిగిలింది రెండు కాకులు. ఒకటి పేముకుర్చీ మీద కూర్చొని ముక్కు రుద్దుకుంటోంది. రెండోది ఎక్కణ్ణుంచో దోసె ముక్క తెచ్చి నీళ్ల గుంటలో నానబెట్టుకుంటోంది.

ప్రమీలమ్మ నడుం మీద చేయి పెట్టుకొని వాటిని చూసి, ఒక్కతే పకపకా నవ్వింది. కాకులు ఎగరలేదు. ఆమె ఇంకో కుర్చీ మెల్లగా లాక్కొని కూర్చుంది. దోసె ముక్క ఇంకా నానలేదు. కాకి తల పక్కకు వంచి, నీళ్లలోకి చూస్తూ ఆగింది. ఆమె కూడా ఆగింది.